లేక్ తాహోలో కయాకింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దులో ఉన్న తాహో సరస్సుకు శాన్ హోసే, ఫ్రీమాంట్ వైపు నుంచి ట్రాఫిక్ లేకపోతే నాలుగు గంటల దారి. అందుకే ఎండాకాలం రాగానే బే ఏరియా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తాహో మాట మొదలవుతుంది. అక్కడ మొదటిసారో రెండోసారో కయాక్ (రెండు కొసలా పలకలున్న తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) ఎక్కబోయేవాళ్ళు అడిగే ప్రశ్నలకు ఇవి జవాబులు. దూరాలు మైళ్ళలో, ఉష్ణోగ్రతలు ఫారెన్‌హీట్‌లో ఇచ్చాం. అక్కడి బోర్డుల మీద కనిపించేవి అవే కాబట్టి.

ఒక్క రోజులో సరస్సంతా చుట్టి రావచ్చా?

కుదరదు. పొడవు 22 మైళ్ళు, వెడల్పు 12, తీరం చుట్టుకొలత 72. కొత్తగా తెడ్డు పట్టినవాళ్ళు గంటకు రెండు, మహా అయితే రెండున్నర మైళ్ళు పోతారు. అదీ గాలి లేనప్పుడు. చుట్టూ తిరిగేవాళ్ళ కోసం లేక్ తాహో వాటర్ ట్రైల్ అని ఒక జలమార్గం ఉంది. అలవాటున్నవాళ్ళే దాన్ని రోజుల తరబడి, మజిలీలు చేసుకుంటూ పూర్తిచేస్తారు. మీ మొదటి రోజుకు పోనూ రానూ కలిపి మూడు, నాలుగు మైళ్ళు చాలు.

సరస్సును అడ్డంగా దాటుదామన్న ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. అవతలి కొండలు చేతికందేంత దగ్గరగా కనిపిస్తాయి. ఆరు వేల అడుగుల ఎత్తున గాలి అంత శుభ్రంగా ఉంటుంది మరి. కానీ నడిమధ్యలో మీకూ ఏ ఒడ్డుకూ మధ్య ఆరేసి మైళ్ళుంటాయి, కింద వెయ్యి అడుగుల పైన లోతు. అత్యధిక లోతు 1,645 అడుగులు. అమెరికాలో దీనికన్నా లోతైనది ఆరెగాన్‌లోని క్రేటర్ లేక్ ఒక్కటే.

ఏ నెలలో వెళ్తే మంచిది?

జూలై రెండో వారం నుంచి సెప్టెంబరు చివరిదాకా. ఆగస్టులో పైనీళ్ళు 65 నుంచి 70 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. ఏడాదిలో అదే గరిష్ఠం. జనం తక్కువగా ఉండాలంటే సెప్టెంబరు మొదట్లో లేబర్ డే దాటాక వెళ్ళండి. నీళ్ళు ఇంకా అంతగా చల్లబడవు, పార్కింగ్ దొరుకుతుంది.

మే, జూన్ నెలలు మోసం చేస్తాయి. ఒడ్డున టీషర్టు వాతావరణం, నీళ్ళు చూస్తే 50ల్లో. చుట్టూ కొండల మీది మంచు కరిగి 63 వాగులుగా దిగేది ఈ సరస్సులోకే.

పొద్దున్నే వెళ్ళమని అందరూ ఎందుకు చెబుతారు? పదకొండుకు మొదలుపెడితే ఏమవుతుంది?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

తాహోకు తూర్పున నెవాడా ఎడారి. ఎండెక్కేకొద్దీ ఆ ఎడారి మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి పడమటి నుంచి సియెరా కొండల మీదుగా గాలి దిగుతుంది. నెవాడా వాళ్ళు దీన్ని వాషో జెఫిర్ అంటారు. వేసవిలో ఇది దాదాపు దినచర్య. ఉదయం ఏడింటికి నీళ్ళు అద్దంలా ఉంటాయి, పదింటికి సన్నగా ముడతలు పడతాయి, పదకొండు పన్నెండు మధ్య గాలి నిలదొక్కుకుంటుంది, మధ్యాహ్నం రెండింటికల్లా అలల తలల మీద తెల్లనురగ. కాబట్టి ఏడింటికి నీళ్ళలో దిగి పదకొండింటికి ఒడ్డున ఉండేలా ప్లాన్ చేసుకోండి. పదకొండుకు మొదలుపెట్టారంటే వెళ్ళేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది, హాయిగా ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ముఖాన కొడుతుంది. అలసిన చేతులతో రెండింతల సమయం పడుతుంది.

ఏ ఒడ్డున ఉన్నారన్నది కూడా తేడా చేస్తుంది. నైరుతి గాలి పడమటి ఒడ్డు నుంచి మిమ్మల్ని లోపలికి తోస్తుంది. కొండల చాటున ఉన్నంతసేపు నీళ్ళు నిశ్చలంగానే ఉంటాయి, రెండు వందల గజాలు బయటికి రాగానే లాగేస్తుంది. తూర్పు ఒడ్డున దీనికి తలకిందులు. గాలి ఒడ్డుకే తోస్తుంది గానీ, సరస్సు వెడల్పంతా పరుగెత్తుకొచ్చిన అలలు పెద్దవై ఉంటాయి. అవి గ్రానైట్ బండలకు కొట్టుకుని వెనక్కి మళ్ళి, వచ్చే అలలతో కలిసి నీళ్ళను కుతకుత ఉడికిస్తాయి. అలాంటి చోట కయాక్ దిగడం కష్టం.

బయలుదేరే ముందు రీనోలోని నేషనల్ వెదర్ సర్వీస్ ఇచ్చే తాహో సూచన చూడండి. గాలి గంటకు 10 మైళ్ళ లోపుంటే సరే. 10 నుంచి 15 అంటే అలవాటున్నవాళ్ళు మాత్రం, అదీ ఒడ్డును అంటిపెట్టుకుని. ఆపైన వద్దు. ‘లేక్ విండ్ అడ్వైజరీ’ (సరస్సు మీద గాలి హెచ్చరిక) అన్న మాట కనిపిస్తే ఆ రోజు నడక పెట్టుకోండి. నీళ్ళ మీద ఉండగా దూరంగా తెల్లనురగ కనబడిందా, ఫోటోలు ఆపి వెనక్కి తిప్పండి.

2025 జూన్ 21 మధ్యాహ్నం డి.ఎల్. బ్లిస్ స్టేట్ పార్క్ దగ్గర ఉన్నట్టుండి తుపాను రేగి, ఎనిమిది అడుగులకు తక్కువ కాని అలలు లేచాయి. 27 అడుగుల మోటారు బోటు బోల్తా పడి ఎనిమిది మంది చనిపోయారు. కయాక్ దానికన్నా ఎంతో చిన్నది.

చల్లటి నీళ్ళంటే ఎంత చల్లన? మేము గోదావరిలో, కృష్ణ కాలువల్లో ఈదినవాళ్ళమే.

ఈత రావడం వేరు, చలినీళ్ళు వేరు. గోదావరిలో దూకితే ఒళ్ళు జిల్లుమంటుంది, అంతే. 55 డిగ్రీల నీళ్ళలో అనుకోకుండా పడితే మీ ప్రమేయం లేకుండా ఒక పెద్ద ఊపిరి లోపలికి పోతుంది. ఆ క్షణాన నోరు నీళ్ళ కింద ఉందా, ఊపిరితిత్తుల్లోకి వెళ్ళేది నీళ్ళే. తర్వాత ఎగశ్వాస. గజ ఈతగాళ్ళు కూడా మునిగేది ఇక్కడే.

చలినీళ్ళ శిక్షణలో దీన్ని 1-10-1 అని గుర్తుపెట్టుకుంటారు. శ్వాస అదుపులోకి రావడానికి ఒక నిమిషం. చేతులూ కాళ్ళూ పనికొచ్చేది పది నిమిషాలు. ఒళ్ళు చల్లబడి స్పృహ తప్పడానికి దాదాపు గంట. అంటే పడగానే ఈదడం కాదు చేయాల్సింది. జాకెట్ మీద తేలుతూ ముందు ఊపిరి కుదుటపడనివ్వాలి. ఆ తర్వాతి పది నిమిషాల్లో కయాక్ ఎక్కాలి. వేళ్ళు మొద్దుబారాక బకిల్ కూడా పెట్టుకోలేరు.

నీళ్ళు 60 డిగ్రీల లోపుంటే వెట్‌సూట్, అంటే ఒంటికి అతుక్కునే రబ్బరు సూట్, వేసుకోండి. మూడు మిల్లీమీటర్ల మందం, చేతుల్లేని రకం అయితే తెడ్డు వేయడానికి అడ్డు రాదు. ఎండాకాలం మధ్యలో సింథటిక్ బట్టలు, పైన పల్చటి విండ్‌షీటర్ చాలు. జీన్స్, కాటన్ కుర్తా వద్దు. తడిస్తే బరువెక్కుతాయి, ఆరవు, ఒంట్లో వేడిని లాగేస్తాయి.

ఒక చిన్న విషయం చాలామందికి తెలియదు. రెండు రోజులు గట్టి గాలి వీస్తే పైనున్న వెచ్చటి నీళ్ళు తూర్పు ఒడ్డుకు జరుగుతాయి, పడమటి ఒడ్డున అడుగు నుంచి చలినీళ్ళు పైకొస్తాయి. మొన్న 66 ఉన్న చోట ఇవాళ 55 ఉండొచ్చు. పోయిన వారం వెళ్ళొచ్చిన స్నేహితులు ‘నీళ్ళు బాగున్నాయి’ అన్నారని నమ్ముకోవద్దు. చెయ్యి ముంచి చూసుకోండి.

లైఫ్ జాకెట్ కయాక్‌లో పెట్టుకుంటే చాలదా?

చట్టానికి పెద్దవాళ్ళ విషయంలో చాలు. మనిషికొకటి, కోస్ట్ గార్డ్ ఆమోదించినది కయాక్‌లో ఉండాలి. 13 ఏళ్ళ లోపు పిల్లలు కాలిఫోర్నియా వైపైనా నెవాడా వైపైనా తొడుక్కునే ఉండాలి. విజిల్ కూడా వెంట ఉండాలి.

కానీ పైన చెప్పిన ఆ మొదటి నిమిషంలో, దొర్లిపోతున్న కయాక్ వెనక నుంచి జాకెట్ లాగి తొడుక్కోవడం ఎవరి వల్లా కాదు. తొడుక్కున్నాక రెండు భుజాల దగ్గర పట్టుకుని ఎవరైనా పైకి లాగాలి. గడ్డం దాటి చెవుల దాకా లేచిందంటే వదులు. పక్క పట్టీలు బిగించండి, ముందు కిందివి, తర్వాత పైవి. నడుముకు బెల్టులా కట్టుకునే గాలి జాకెట్లు 16 ఏళ్ళ లోపువాళ్ళకు పనికిరావు, ఈత రానివాళ్ళకు అసలే వద్దు.

ఈత రాదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఎక్కించవచ్చా?

ఎక్కించవచ్చు, నాలుగు షరతుల మీద. ఉదయం తొమ్మిదిలోపు, ఆగస్టులో, గైడ్ ఉన్న టూర్‌లో, టూ సీటర్ సిట్-ఆన్-టాప్ (పైన కూర్చునే రకం) కయాక్‌లో. అమ్మ చీర మాత్రం ఒడ్డునే మార్చుకోవాలి. బోల్తా పడితే ఆరు గజాల బట్ట కాళ్ళకు చుట్టుకుంటుంది. పంజాబీ డ్రెస్ అయితే చున్నీ తీసేయాలి. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్ళకు చలినీళ్ళ షాక్ ప్రమాదం. వాళ్ళకు నైరుతి ఒడ్డున ఉన్న చిన్న ఖాతం ఎమరాల్డ్ బే దాకా తిప్పే పెద్ద టూర్ బోట్లు ఉన్నాయి, అవి బాగుంటాయి.

మోకాళ్ళ నొప్పులుంటే ఎక్కడం కన్నా దిగడం కష్టం. కయాక్‌ను మోకాలి లోతు నీళ్ళలో ఆపి, ముందు రెండు కాళ్ళూ ఒకే పక్కకు దించి, ఆ తర్వాత లేవమనండి. ఇసుక మీదికి లాగేశాక లేవబోతే సీటు మరీ కిందికి ఉంటుంది.

ఏ రకం కయాక్ తీసుకోవాలి?

కొత్తవాళ్ళకు సిట్-ఆన్-టాప్, అంటే పైన కూర్చునేది. బోల్తా పడినా మునగదు, మళ్ళీ ఎక్కవచ్చు. సిట్-ఇన్‌సైడ్‌లో కాళ్ళు లోపల పెట్టుకుంటాం కాబట్టి వెచ్చగా ఉంటుంది, గాలి తక్కువ తగులుతుంది. తాహోలో ఎక్కువ దూరం పోయేవాళ్ళు వాడేది 14 నుంచి 17 అడుగుల టూరింగ్ కయాక్. దానికి ముందూ వెనకా అడ్డగోడలతో మూసిన గదులుంటాయి, నీళ్ళు నిండినా తేలుతుంది.

ఈ రెండింటికీ మధ్య ఒక రకం ఉంది, దాని గురించే మా భయం. పెద్ద దుకాణాల్లో చవగ్గా దొరికే పదడుగుల సిట్-ఇన్‌సైడ్. అడ్డగోడలుండవు. ఒక్క అల లోపలికి పడితే స్నానాల తొట్టే. నీళ్ళు తోడి మళ్ళీ ఎక్కడం సరస్సు మధ్యలో జరిగే పని కాదు. చిన్న చెరువులకు అది బాగానే ఉంటుంది, ఇక్కడికి తేవద్దు.

అద్దెకు తీసుకున్న కయాక్‌కు అడుగున రంధ్రాలున్నాయి, నీళ్ళు వస్తున్నాయి. ఓటిదా?

కాదు. సిట్-ఆన్-టాప్‌కు అవి ఉండాలి. అల పడితే నీళ్ళు వాటిలోంచే కిందికి పోతాయి. బరువు ఎక్కువైతే కొంచెం పైకి కూడా వస్తాయి, కాబట్టి పిర్రలు తడవడం ఖాయం. వెనక కొస దగ్గర మరచుట్ల బిరడా ఒకటి ఉంటుంది. అది మాత్రం బిగించి ఉందో లేదో మీరే చేత్తో తిప్పి చూసుకోండి. అది వదులైతే బోలు కడుపులోకి మెల్లగా నీళ్ళు చేరతాయి. గంట తర్వాత కయాక్ బద్ధకంగా కదులుతూ, కాస్త ఒరగ్గానే లోపల గలగల వినిపిస్తే జరిగింది అదే. వెంటనే ఒడ్డుకు పోవాలి.

టూ సీటర్‌లో ఎవరు ముందు, ఎవరు వెనక?

బరువైనవాళ్ళు, దిశ చూసుకోగలవాళ్ళు వెనక. ముందున్నవాళ్ళు లయ పెడతారు, వెనకవాళ్ళు ఆ లయకు కలుపుతారు. ఇది తిరగబడితే తెడ్లు టకటకా కొట్టుకుంటాయి, వెనకాయన ‘ఎడమ, ఎడమ’ అని అరుస్తుంటాడు, ముందావిడ తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కొండలు చూస్తుంటుంది. కయాకర్లు దీనికి పెట్టుకున్న ముద్దుపేరు విడాకుల పడవ. పిల్లల్ని మధ్యలో కూర్చోబెట్టేటప్పుడు లోపల అచ్చుపోసిన బరువు పరిమితి చూడండి. ముగ్గురి బరువు, సామాను, తడి బట్టలు అన్నీ అందులోకే వస్తాయి.

గాలి నింపే కయాక్ కొన్నాం. ఇంటి దగ్గరే నింపుకుని కారు మీద కట్టుకుని రావచ్చా?

వద్దు. ఐ-80 మీద డోనర్ సమ్మిట్, యూఎస్-50 మీద ఎకో సమ్మిట్, రెండూ ఏడు వేల అడుగుల పైనే. దారిలో చిప్స్ ప్యాకెట్లు బెలూన్లలా ఉబ్బడం చూసే ఉంటారు. సముద్రమట్టం దగ్గర నింపిన కయాక్‌కూ అదే గతి. సరస్సు మట్టం 6,225 అడుగుల దగ్గర బయటి ఒత్తిడి దాదాపు మూడు పీఎస్ఐ (టైర్లలో గాలి కొలిచే కొలతే) తగ్గుతుంది. పక్క గొట్టాలకు కంపెనీ ఇచ్చే పరిమితే చాలాసార్లు రెండు మూడు పీఎస్ఐ ఉంటుంది, దాని మీద ఎండ ఒకటి. కుట్లు విచ్చుకుంటాయి.

ఒడ్డుకొచ్చాక నింపండి, కంపెనీ రాసిన అంకె దాకానే. నీళ్ళలో పెట్టి ఐదు నిమిషాలాగండి. చల్లటి నీళ్ళకు లోపలి గాలి కుంచించుకుని మెత్తబడుతుంది. అప్పుడు మరో నాలుగు పంపులు కొట్టండి. మధ్యాహ్నం ఒడ్డున ఎండలో పడేసేటప్పుడు మళ్ళీ కొంచెం వదలండి. గాలి కయాక్‌కు బరువు లేదు కాబట్టి గాలికి ఆకులా కొట్టుకుపోతుంది. వెనక ఉండే రెక్క, అంటే ఫిన్, మరచిపోయి వస్తే గుండ్రంగా తిరుగుతూ ఉంటారు.

తెడ్డు పట్టుకోవడంలో తప్పేముంటుంది?

చాలా ఉంటుంది. సగం మంది తలకిందులుగా పట్టుకుంటారు. తెడ్డు కొసన ఉండే పలక ఒక అంచు పొడుగ్గా, ఒక అంచు పొట్టిగా ఉంటుంది. పొడుగు అంచు పైకి రావాలి. పలకకు గుంట ఉన్న ముఖం మీ వైపు. పలక మీద కంపెనీ పేరుంటే అది నిటారుగా చదవగలిగేలా ఉందా, సరిగా పట్టుకున్నట్టే. తెడ్డును నడినెత్తిన పెట్టుకోండి. మోచేతులు లంబకోణంలో వచ్చే చోట పట్టు. పట్టు గట్టిగా బిగిస్తే గంటకల్లా మణికట్టు వాచిపోతుంది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి రింగులా పట్టి, మిగతా వేళ్ళు వదులుగా ఉంచండి.

పలకను పాదాల పక్కన దించి, తుంటి దగ్గరికి రాగానే ఎత్తేయండి. అంతకన్నా వెనక్కి లాగితే నీళ్ళు పైకెత్తడమే, ముందుకు పోవడం ఉండదు. లాగాల్సింది చేతులతో కాదు, నడుము తిప్పి. కవ్వంతో మజ్జిగ చిలికేటప్పుడు ఒళ్ళు అటూ ఇటూ తిరిగినట్టు. సరిగా చేస్తే మర్నాడు నొప్పి పక్కటెముకల దగ్గర, పొట్ట పక్కన వస్తుంది. భుజాలూ జబ్బలూ నొప్పెడితే చేతులతో లాగినట్టు లెక్క.

తెడ్డు పొడవు కయాక్ వెడల్పును బట్టి. వెడల్పైన సిట్-ఆన్-టాప్‌కు 230, 240 సెంటీమీటర్లు, సన్నటి టూరింగ్ కయాక్‌కు 220 చుట్టుపక్కల.

ఎంత వేసినా కయాక్ గాలి వైపే తిరుగుతోంది. నాలో లోపమా?

కయాక్ స్వభావం. కదిలే కయాక్‌కు ముందు కొస నీళ్ళను చీల్చుకుంటూ కుదురుగా ఉంటుంది. వెనక కొస వదులుగా ఉండి గాలికి పక్కకు కొట్టుకుపోతుంది. దాంతో ముక్కు గాలి వైపు తిరుగుతుంది. స్కెగ్, అంటే వెనక అడుగున దించే రెక్క, ఉంటే సగం దించండి, చుక్కాని ఉంటే వాడండి. రెండూ లేకపోతే గాలి వచ్చే వైపు తెడ్డును పాదాల నుంచి వెనక కొస దాకా పెద్ద అర్ధచంద్రంలా తిప్పండి. సామాను కాస్త వెనక్కి సర్దినా మేలే.

బోల్తా పడితే మళ్ళీ ఎక్కడం ఎలా?

కయాక్‌ను వదలవద్దు. ఒడ్డు దగ్గరే అనిపించినా వదలవద్దు. మీకన్నా కయాకే పడవల వాళ్ళకు ముందు కనిపిస్తుంది.

సిట్-ఆన్-టాప్ అయితే పద్ధతి ఇది. తలకిందులైన కయాక్ మధ్యకు వచ్చి, దాని మీదుగా చెయ్యి చాపి అవతలి అంచో రంధ్రమో పట్టుకుని, మీ బరువంతా వెనక్కి వేస్తే అది తిరుగుతుంది. తెడ్డును తాడుకు తగిలించండి. సీటు ఎదురుగా వచ్చి, రెండు చేతులూ పైన పెట్టి, కాళ్ళను నీళ్ళ మీదికి తేల్చి ఈత కొట్టినట్టు తన్నండి. చాలామంది చేసే తప్పు కాళ్ళను కయాక్ కిందికి పోనివ్వడం. అప్పుడు ఎంత ఎగిరినా కయాక్ మీ మీదికే వస్తుంది. పొట్ట సీటు మీదికి వచ్చేదాకా జారండి. తర్వాత వెల్లకిలా తిరిగి పిర్రలు సీట్లో పెట్టండి. ఆఖర్న కాళ్ళు లోపలికి. పొట్ట, పిర్రలు, పాదాలు, ఇదీ వరస. మధ్యలో లేచి కూర్చోవాలని తొందరపడితే మళ్ళీ పడతారు.

టూ సీటర్‌లో ఒకరు ఎక్కుతుంటే రెండోవారు అవతలి వైపు వేలాడుతూ బరువు ఆపాలి. ఇది ఆగస్టు ఉదయం, నడుము లోతు నీళ్ళలో, ఒడ్డు పక్కన రెండుసార్లు చేసి చూసుకోండి. మొదటిసారి ఎవరికీ రాదు.

ఎమరాల్డ్ బేకు కయాక్‌లో ఎలా వెళ్ళాలి?

హైవే 89 మీద ఫోటోలు తీసుకునే చోటు నుంచి కిందికి మైలు నడక, నిలువు దిగుడు. కయాక్ మోసుకుని దిగే దారి కాదది. వేసవిలో కింద వైకింగ్స్‌హోమ్ తీరంలోనే కయాక్‌లు అద్దెకిస్తారు. ఉత్త చేతులతో దిగి అక్కడ తీసుకోవడం ఒక మార్గం. ఎక్కి రావడానికి ఓపిక మిగుల్చుకోవాలి.

రెండోది బాల్డ్విన్ బీచ్ నుంచి. తీరం వెంట వాయవ్యంగా పోతే బే మూతి వస్తుంది. లోపలి ద్వీపం దాకా ఒకవైపు మూడు, మూడున్నర మైళ్ళు. మూతి ఇరుకు, లోతు తక్కువ. ఒకప్పటి హిమానీనదం తోసుకొచ్చిన రాళ్ళూ మట్టీ అక్కడ దిబ్బ కట్టాయి. టూర్ బోట్లన్నీ ఆ సన్నటి దారినే రావాలి కాబట్టి మీరు బోయాల (దారి చూపే తేలుడు గుర్తుల) మధ్య కాకుండా ఒక పక్కగా, ఆగకుండా దాటండి.

లోపల ఫానెట్ ద్వీపం. తాహో మొత్తానికి ఇదొక్కటే ద్వీపం. ఫిబ్రవరి 1 నుంచి జూన్ 15 దాకా కెనడా బాతులు గుడ్లు పెట్టే కాలం కాబట్టి దిగనివ్వరు. కొన మీద రాతి టీ హౌస్ శిథిలం ఉంది. ఒడ్డున 1929లో కట్టిన 38 గదుల వైకింగ్స్‌హోమ్‌ను కట్టించిన లోరా నైట్‌దే ఈ టీ హౌస్ కూడా. ఉత్తరపు ఒడ్డున పడవల్లో వచ్చేవాళ్ళ కోసం క్యాంప్‌గ్రౌండ్ ఉంది. రాత్రి అక్కడ పడుకుంటే తెల్లారుజామున బే అంతా మీదే. మా ఓటు దానికే.

సాండ్ హార్బర్ మంచిదా, ఎమరాల్డ్ బేనా?

నీళ్ళ కోసమైతే సాండ్ హార్బర్, కొండల కోసమైతే ఎమరాల్డ్ బే. సాండ్ హార్బర్ నెవాడా స్టేట్ పార్క్. అక్కడి నుంచి దక్షిణంగా ఒడ్డు వెంట పోతే నీళ్ళలో ఇంటంత గుండ్రటి బండలు. ఒక బండ నెత్తిన చిన్న చిన్న చెట్లు మొలిచిన బొన్సాయ్ రాక్, ఆపైన 1930లలో జార్జ్ విటెల్ కట్టించిన థండర్‌బర్డ్ లాడ్జ్ కనిపిస్తాయి. లాడ్జ్ దగ్గర అనుమతి లేకుండా దిగకూడదు, నీళ్ళ మీది నుంచే చూడాలి. బండల మధ్య నీళ్ళు మూడడుగుల లోతే అనిపిస్తాయి. తెడ్డు నిలువునా ముంచి చూడండి, అందదు. పోలరైజ్డ్ కళ్ళద్దాలుంటే పైకి తేలీ తేలకుండా ఉన్న బండలు ముందే తెలుస్తాయి.

చిక్కు పార్కింగ్‌తోనే. వేసవి ఉదయాలకు ముందస్తు రిజర్వేషన్ పెట్టారు, హైవే 28 పక్కన ఆపితే జరిమానా. ఎప్పటి నియమాలు అప్పుడు పార్క్ వెబ్‌సైట్‌లో చూసుకుని బయలుదేరండి. ఇక పిల్లలతో మొదటిసారైతే ఉత్తరాన కింగ్స్ బీచ్ నయం. ఇసుక తీరం, చాలా దూరం దాకా లోతు తక్కువ.

అడుగు కనిపించే గాజులాంటి కయాక్‌లు బాగుంటాయా?

అవి గాజు కాదు, పాలీకార్బనేట్. ఫోటోలకు బ్రహ్మాండంగా ఉంటాయి. వెడల్పెక్కువ, నెమ్మది. ఉదయం టూర్ తీసుకోండి. గాలికి నీళ్ళు చెదిరాక అడుగున ఏమీ కనిపించదు.

మోటారు బోట్లు దగ్గరగా పోతే?

ఒడ్డుకు 600 అడుగుల లోపల, ఎమరాల్డ్ బేలో అంతటా వాటికి గంటకు 5 మైళ్ళే వేగం. మీరు ఆ 600 అడుగుల లోపల ఉంటే చాలా తలనొప్పి తప్పుతుంది. బోటు లేపిన అల పక్క నుంచి వస్తుంటే ముక్కును దాని వైపు తిప్పి, తెడ్డు వేస్తూనే ఉండండి. తెడ్డు నీళ్ళలో ఉన్నంతసేపు అదే మీ ఊతకర్ర. భయపడి ఎత్తి పట్టుకున్నవాళ్ళే పడతారు.

ఉరుము వినిపిస్తే?

ఒడ్డుకు. మెరుపు కనిపించేదాకా ఆగవద్దు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా నీళ్ళలోకి రావద్దు. జూలై, ఆగస్టు మధ్యాహ్నాల్లో ఇవి మామూలే.

ఫోన్, కారు తాళం, ఉంగరాలు?

ఫోన్‌ను నీళ్ళు చొరని సంచిలో పెట్టి జాకెట్‌కు కట్టుకోండి. కయాక్‌కు కట్టవద్దు, మీరూ అదీ విడిపోవచ్చు. పడమటి కొండల కింద చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి ఎటు పోతున్నారో, ఎన్నింటికి వస్తారో ఒడ్డున ఒకరికి చెప్పండి. వీహెచ్ఎఫ్ రేడియో ఉంటే 16వ ఛానెల్‌లో కోస్ట్ గార్డ్ వింటుంది. కారు తాళంలో చిప్ ఉంటుంది, తడిస్తే కారు తెరుచుకోకపోవచ్చు. రెండు సంచుల్లో వేయండి.

చలినీళ్ళకు వేళ్ళు సన్నబడతాయి. చేయి నీళ్ళలో పెట్టి ఆడిస్తుంటే పెళ్ళి ఉంగరం జారిపోవడం తెలియదు. ఇంట్లోనే తీసి రండి.

తిండి ఏం తీసుకెళ్ళాలి? ఎలుగుబంట్లు ఉంటాయటగా?

పులిహోర, చపాతీ చుట్టలు, అరటిపళ్ళు, ఉప్పుసెనగలు. చేతికి అంటుకోనివి, స్పూను అక్కర్లేనివి. పెరుగన్నం ఎండలో పులుస్తుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. ఎత్తు మీద గాలి పొడి, చెమట పట్టినట్టే తెలియదు. మధ్యాహ్నానికి తల పగిలిపోతుంటే ఎత్తుతో పాటు నీళ్ళు తాగకపోవడమూ కారణం. సరస్సు నీళ్ళు ఎంత తేటగా ఉన్నా ఫిల్టర్ లేకుండా తాగవద్దు. నీళ్ళ మీద ఎండ రెండుసార్లు తగులుతుంది, పైనుంచీ కిందనుంచీ. గడ్డం కింద, ముక్కు కింద కూడా సన్‌స్క్రీన్ రాయండి.

ఉంటాయి, నల్ల ఎలుగుబంట్లు. మనుషుల జోలికి రావడం అరుదు, తిండి జోలికి మాత్రం తప్పక వస్తాయి. వాసన వచ్చేది ఏదీ కారులో వదలవద్దు. ఖాళీ పులిహోర డబ్బా కోసం కూడా కారు తలుపు పీకుతాయి. క్యాంప్‌గ్రౌండ్‌లలో ఇనుప పెట్టెలుంటాయి, వాటిలో పెట్టి గొళ్ళెం పూర్తిగా పడిందో లేదో చూడండి.

సొంత కయాక్ తెస్తే తనిఖీ ఉంటుందా?

మోటారు బోట్లకు తనిఖీ తప్పనిసరి. కయాక్‌లు కూడా శుభ్రంగా, నీళ్ళు వంచేసి, పూర్తిగా ఆరి ఉండాలన్నది నియమం. బే ఏరియావాళ్ళకు ఇది ముఖ్యం. 2024 అక్టోబరులో స్టాక్టన్ రేవులో గోల్డెన్ మస్సెల్ అనే ఆల్చిప్ప జాతి బయటపడింది, ఉత్తర అమెరికాలో అదే మొదటిసారి. అప్పటి నుంచి కట్టడి పెరిగింది. పోయిన వారం స్టాక్టన్ ఉన్న డెల్టాలో తిప్పిన కయాక్‌నే ఈ వారం తాహోలో దించితే వాటి పిల్లల్ని మీరే మోసుకొచ్చినట్టు. కంటికి కనిపించవవి. మీరు దించే తీరంలో ఇప్పుడేం అడుగుతున్నారో వెళ్ళే ముందు తాహో ప్రాంతీయ ప్రణాళిక సంస్థ పేజీలో చూడండి.

గట్టి ప్లాస్టిక్ కయాక్‌ను బిరడా విప్పి, తలకిందులుగా ఆరబెడితే సరిపోతుంది. గాలి కయాక్‌తోనే పేచీ. అడుగు గొట్టానికీ పక్క గొట్టానికీ మధ్య మడతలో నీళ్ళు నిలుస్తాయి. బయట ఎండిపోయినట్టే ఉంటుంది, వేలు పెడితే చల్లగా తగులుతుంది. గాలి నింపే ఉంచి, ఒక పక్కకు నిలబెట్టి, మడతల్లోకి పాత తువ్వాలు దూర్చి తుడవండి. లైఫ్ జాకెట్ పట్టీలు, చెప్పుల అట్టలు, తెడ్డు మధ్య అతుకు కూడా విప్పి ఆరనివ్వండి. ఆ అతుకు తడితో మూసేస్తే ఇసుక పట్టి మళ్ళీ ఊడిరాదు.